ఆరు చరణాల షినానో

కిందటి డిసెంబరులో జపాన్ నుంచి బూడిదరంగు అంచున్న పోస్టుకార్డు ఒకటి వచ్చింది. ఇంట్లో ఎవరైనా కాలం చేసిన ఏడాది, కొత్త సంవత్సరం శుభాకాంక్షలు పంపలేకపోతున్నామని బంధుమిత్రులకు ముందుగా కార్డు రాయడం అక్కడి ఆనవాయితీ. అచ్చులో ఉన్న నాలుగు వరుసల కింద, ఒకప్పుడు అక్కడ మా బృందానికి పెద్దగా ఉండి కాలం చేసిన ఆయన శ్రీమతి తన చేతిరాతతో ఒక వాక్యం చేర్చారు. ఆసుపత్రిలో చివరి వారం కూడా ఆయన రెండో చరణం దాకా పాడారట. ఏ పాట అన్నది ఆమె రాయలేదు. నాకు రాయవలసిన అవసరం లేదని ఆమెకు తెలుసు.

నాగానో రాష్ట్రంలో, సువా సరస్సు ఒడ్డున ఉన్న ఒకాయా పట్టణంలో నేను చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. సన్నని ఉక్కు షాఫ్టులు తయారు చేసే కర్మాగారం అది. మా బృందానికి పెద్దగా ఉన్న వ్యక్తిని అక్కడ హాంచో అనేవారు. నేను మాత్రం ఆయన్ని మనసులో ఎప్పుడూ హాంచో గారనే అనుకునేవాణ్ణి, ఇక్కడా అలాగే రాస్తాను. యంత్రం చప్పుడు విని పనిముట్టు మొద్దుబారిందో లేదో చెప్పగలిగిన ఆ మనిషే నాకు 'షినానో నో కుని' నేర్పారు. ఆ ప్రాంతానికి పూర్వం ఉన్న పేరు షినానో. ఆ పాట పుట్టి నూట ఇరవై ఏళ్లు దాటింది.

*

నేను ఆ పాటను మొదట విన్నది ఏడాది చివర అందరూ కలిసి చేసుకునే విందులో. చాపలు పరిచిన పొడవైన గదిలో భోజనాలు ముగిశాక, ఎవరూ ఏమీ చెప్పకుండానే అందరూ లేచి నిలబడ్డారు. మేనేజరు దగ్గర నుంచి, ఆ వసంతంలోనే ఉన్నత పాఠశాల ముగించి పనిలో చేరిన కుర్రవాడి దాకా అందరూ ఒకే శ్రుతిలో పాట ఎత్తుకున్నారు. ఎవరి చేతిలోనూ కాగితం లేదు. ఆరు చరణాల పాట అది, అందులోనూ పాతకాలపు గ్రాంథిక భాష. జాతీయగీతం పాడుతున్నప్పుడు కూడా నేను వారి ముఖాల్లో అటువంటి వెలుగు చూడలేదు.

మొదటి చరణంలో షినానో పది సీమలతో సరిహద్దులు పంచుకునే దేశమని చెప్పి, మత్సుమోతో, ఇనా, సాకు, జెన్‌కోజి అని నాలుగు మైదానాల పేర్లు వరుసగా పిలుస్తారు. 'ఇనా' అన్న మాట రాగానే గదిలో ఒక మూలన ఉన్న కొందరి గొంతులు ఒక్కసారిగా పైకి లేచాయి. వాళ్లు ఇనా లోయవాళ్లు. 'సాకు' దగ్గర గుమాస్తాగా పనిచేసే ఒకావిడ మిగతావారికన్నా గట్టిగా పలికింది. రెండో చరణంలో ఒంతాకే, నోరికురా, కొమాగాతాకే, అసామా అనే కొండల పేర్లు గడిచి, ఉత్తరానికి పారే సాయ్, చికుమా నదులూ, దక్షిణానికి పారే కిసో, టెన్ర్యూ నదులూ వచ్చినప్పుడు, చివరి పేరు దగ్గర ఒకాయా వాళ్లందరూ గొంతు కలిపారు. టెన్ర్యూ నది పుట్టేది మా ఊళ్లోనే. సువా సరస్సు నీళ్లు ఒకాయా దగ్గర తూము దాటి నదిగా మారి, పసిఫిక్ సముద్రం దాకా పోతాయి. పాడేవాళ్లందరూ తమ లోయ పేరు, తమ ఏటి పేరు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నారని నాకు ఆ రాత్రే అర్థమైంది.

నాలుగో చరణం దగ్గర పాట హఠాత్తుగా నెమ్మదించింది. కవాతులా సాగుతున్న బాణీ మారి, పాత పద్యం చదువుతున్నట్టుగా సాగింది. కిసో లోయలో కొండచరియకు కట్టిన పాత చెక్కబాట, వెన్నెలకు పేరుపొందిన ఒబాసుతే కొండ, వేడినీటి ఊట, పూర్వకవులు వర్ణించిన చోట్లన్నీ ఆ చరణంలో ఉన్నాయి. అప్పటిదాకా చేతులు ఊపుతూ పాడినవారు అక్కడ చేతులు దించి, కళ్లు మూసుకున్నారు. అయిదో చరణంతో వేగం మళ్లీ అందుకుంది.

*

మరుసటి నెల నుంచి హాంచో గారు మధ్యాహ్న భోజన విరామంలో నాకు ఆ పాట నేర్పడం మొదలుపెట్టారు. పనికిరాని యంత్ర నమూనా కాగితం వెనుక పెన్సిలుతో నాగానో హద్దులు గీసేవారు. గీత గీయడంలో కూడా ఆయనది పనివాడి చేయి. నదులకు ఒక మందం, కొండల వరుసలకు ఒక మందం, పాత సీమల సరిహద్దులకు చుక్కల గీత. ఒక్కొక్క పేరు పక్కన చిన్న వృత్తంలో చరణం సంఖ్య వేసేవారు. అన్నం డబ్బా మూత మీద ఆ కాగితం పరుచుకుని, ఒక చేత్తో తింటూ మరో చేత్తో చూపిస్తూ పాడించేవారు. ఉచ్చారణ తప్పితే ఊరుకునేవారు గాని, నదిని తప్పు దిక్కుకు పారిస్తే మాత్రం ఆపి మళ్లీ చెప్పించేవారు.

పాట పుట్టుక కూడా ఆయన చెప్పిందే. పద్యం రాసిన అసాయి కియోషి మత్సుమోతో సంస్థానంలో సమురాయి కుటుంబంలో 1849లో పుట్టి, తరవాత నాగానోలోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో మాస్టారయ్యారు. పిల్లలకు తమ సీమ భూగోళం, చరిత్ర నోటికి రావాలని 1899లో ఆ పద్యం రాశారు. అదే పాఠశాలలో సంగీతం చెప్పే కితామురా సుయెహారు 1900లో ఇప్పుడున్న బాణీ కట్టారు. ఆ ఏడాది ఆటల పండుగలో ఆడపిల్లలు దానికి అభినయం చేశారు. అక్కడ చదివినవారు ఉపాధ్యాయులై కొండల మధ్య ఊళ్లన్నిటికీ వెళ్లి, తమ బడుల్లో పిల్లల చేత పాడించారు. ప్రభుత్వం దాన్ని రాష్ట్ర గీతంగా ప్రకటించింది 1968లో. అప్పటికే అది రెండు మూడు తరాల నోళ్లలో పండిపోయింది. ఉత్తర్వుతో మొదలైన గీతాలకూ, మాస్టార్ల వెంట కాలినడకన ఊరూరూ తిరిగిన పాటకూ ఉన్న తేడా పాడేవారి గొంతులోనే తెలుస్తుందని నా నమ్మకం.

హాంచో గారి ఊరి బడిలో చలికాలం పొద్దున్నే కట్టెల పొయ్యి రాజుకునేదాకా పిల్లలు వణుకుతూ కూర్చోకుండా, మాస్టారు అందరినీ నిలబెట్టి ఆరు చరణాలూ పాడించేవారట. ఆరో చరణం అయ్యేసరికి నోళ్ల నుంచి వచ్చే ఆవిరితో కిటికీ అద్దాలు మసకబారేవని ఆయన చెప్పేవారు.

*

మూడో చరణం ఆయన ఎప్పుడూ కొంచెం నెమ్మదిగా పాడేవారు. కిసో లోయలో దట్టమైన అడవులు, సువా సరస్సులో చేపలు, పంటలు పండని ఊరే లేని నేల అని చెప్పి, ఆ తరవాత మల్బరీ ఆకు కోసి పట్టుపురుగులు పెంచే వృత్తి గురించి ఆ చరణం మాట్లాడుతుంది. సన్నని ఆ ఆధారమే దేశం ప్రాణాన్ని నిలబెడుతోందని ముగుస్తుంది.

ఒకాయా ఒకప్పుడు పట్టు ఊరు. సరస్సు చుట్టూ దారం తీసే మిల్లుల పొగగొట్టాలు నిలబడి ఉండేవి. వాటిలో పనిచేసినది చాలామటుకు ఆడపిల్లలు. పక్కనున్న హిదా సీమ నుంచి పన్నెండు పదమూడేళ్ల పిల్లలు మంచులో నోముగి కనుమ దాటి నడిచి వచ్చేవారు. హాంచో గారి తల్లి అలా వచ్చిన పిల్లే. మరుగుతున్న నీళ్లలో పట్టుగూళ్లు వేసి, దారం కొస పట్టుకుని, నాలుగైదు పోగులు కలిపి తిప్పేది. ముసలితనంలో కూడా ఆమె వేళ్ల కొసల్లో గీతలు అరిగిపోయి నున్నగా ఉండేవని ఆయన అన్నారు.

ఆ మాట విన్నప్పుడు నాకు మా హిందూపురం గుర్తుకొచ్చింది. పట్టుగూళ్ల మార్కెట్టు ఉన్న ఊరు మాది. మా వీధి చివర రీలింగు షెడ్డు ఉండేది. గూళ్లు ఉడికే నీళ్ల వాసన, లోపలి పురుగు ఉడికిన ఆ చెమ్మ కమురు వాసన, మా బట్టలకూ పుస్తకాలకూ పట్టి ఉండేది. 1990ల నుంచి జపాన్ నిపుణులు కర్ణాటక, ఆంధ్ర రైతులకు ఏడాదికి రెండు తరాలు వచ్చే బైవోల్టిన్ రకం పురుగుల పెంపకం నేర్పడానికి వచ్చిన సంగతి ఆయనకు చెప్పాను. ఒకాయాలో మిల్లులు మూతబడి, వాటి చోట గడియారాలూ కెమెరాలూ సూక్ష్మ యంత్రభాగాలూ చేసే కర్మాగారాలు వచ్చాయి. అందువల్లనే హిందూపురం నుంచి నాలాంటివాడు అక్కడికి ఉద్యోగానికి వెళ్లగలిగాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, అయితే మూడో చరణం నీది కూడా అన్నారు. నాకు ఆ దేశంలో దక్కిన మర్యాదలన్నిటిలో దాన్నే పెద్దదిగా దాచుకున్నాను.

*

ఒకాయాలో నేను అద్దెకున్న ఇంటి దగ్గర, వీధి మలుపులో స్తంభానికి లౌడ్‌స్పీకరు ఉండేది. భూకంపాల హెచ్చరికలకు పెట్టిన ఆ లౌడ్‌స్పీకరు రోజూ సాయంత్రం ఒక పాట బాణీ వినిపించేది. పిల్లలు ఆట ఆపి ఇళ్లకు మళ్లేవారు. ఎదురింటి ముసలావిడ బయట ఆరేసిన ముల్లంగి ఆకులను లోపలికి తెచ్చుకునేది. శీతాకాలంలో అదే వేళకు సరస్సు వైపు నుంచి మంచు బిగుసుకునే చప్పుడు మొదలయ్యేది. రాత్రి చలి ముదిరితే మంచు పలక పగిలి, దూరంగా ఉరుము ఉరిమినట్టు ఒడ్డు నుంచి ఒడ్డుకు మోత పోయేది. అలా పగిలి గట్టులా లేచిన మంచును అక్కడివారు దేవుడు సరస్సు దాటిన దారి అంటారు. 1443 నుంచి దాని లెక్కలు రాసి ఉంచారు. 2018 తరవాత ఏళ్ల తరబడి ఆ దారి ఏర్పడలేదు. ఆ మోత వినకుండానే పెరిగిన పిల్లలు ఇప్పుడు బడిలో మూడో చరణం పాడుతూ ఉంటారు.

సాయంత్రపు పాటల మాట వచ్చింది కాబట్టి 'ఫురుసాతో' గురించి చెప్పాలి. 1914లో బడి పాటల పుస్తకంలో వచ్చిన ఆ పాట జపాన్‌లో తెలియనివారు ఉండరు. దాన్ని రాసిన తకానో తత్సుయుకి కూడా నాగానోవారే. ఉత్తరాన, ఇప్పటి నకానో పట్టణంలో భాగమైన ఒక కొండ పల్లెలో పుట్టారు. బాణీ కట్టిన ఒకానో తెయిచి తొత్తోరివారు. కుందేళ్ల వెంటపడిన కొండ, చిన్న చేపలు పట్టిన ఏరు, ఊళ్లో అమ్మానాన్న ఎలా ఉన్నారో, స్నేహితులు క్షేమమో కాదో, అనుకున్నది సాధించి ఎప్పటికైనా అక్కడికి తిరిగి వెళతాను అని మూడు చరణాలు. 2011 సునామీ తరవాత ఊళ్లు కోల్పోయినవారు శిబిరాల్లో ఈ పాట పాడుకున్నారు.

ఒక వేసవి సెలవులో హాంచో గారు నన్ను ఆ పల్లెకు తీసుకువెళ్లారు. స్థానికులు ఊరి వెనుక కొండనూ ఊరి మీదుగా పారే చిన్న ఏటినీ చూపించి పాటలోవి ఇవే అన్నారు. ఏరు మన ఊళ్లలో పంట కాలువంత ఉంది. ఆ ఒడ్డున నిలబడి నేను ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి ఆలోచించాను. తకానో తన పల్లెనే తలుచుకుని రాసినా ఒక్క పేరు కూడా పాటలో పెట్టలేదు. అందుకే హొక్కయిదో నుంచి ఒకినావా దాకా ఎవరికి వారు అది తమ ఊరనుకుంటారు. అసాయి మాస్టారు దాదాపు అన్నీ పేర్లే పెట్టారు. అందుకని ఆ పాట నాగానో దాటితే ఎవరికీ అక్కరలేదు, నాగానోలో మాత్రం అది ప్రాణం. రెండిటిలో ఏది గొప్పదని అడిగితే నేను పేర్లున్న పాటవైపే మొగ్గుతాను. పేరు పెట్టి పిలిచినప్పుడు మనిషి వెనక్కి తిరిగి చూసినట్టే, ఊరు కూడా తిరిగి చూస్తుందని నాకు అనిపిస్తుంది.

*

నాగానోకూ మత్సుమోతోకూ మధ్య పాత పగ ఉంది. మొదట అవి వేరు వేరు రాష్ట్రాలు. మత్సుమోతో రాజధానిగా ఉన్న చికుమా రాష్ట్రాన్ని, అక్కడి కార్యాలయం కాలిపోయిన 1876లోనే రద్దు చేసి, ఎక్కువ భాగాన్ని నాగానోలో కలిపారు. రాజధాని ఉత్తరపు కొసన ఉండిపోవడం మధ్య, దక్షిణ ప్రాంతాలవారికి ఎప్పటికీ మింగుడు పడలేదు. 1948 మార్చిలో రాష్ట్రాన్ని రెండుగా విడదీయాలన్న తీర్మానం శాసనసభ ముందుకు వచ్చింది. చర్చ తీవ్రంగా సాగుతుండగా, ప్రేక్షకుల గ్యాలరీలో ఉన్నవారు 'షినానో నో కుని' ఎత్తుకున్నారనీ, ఆ పాట సభనంతా ముంచెత్తిందనీ చెబుతారు. విభజన ఆగిపోయింది. హాంచో గారి తండ్రి విడిపోవాలని కోరినవారిలో ఒకరు. అయినా ఆ పాట వినబడితే చేతిలో పని దించి నిలబడేవారట.

ఈ కథ చెప్పిన రోజున ఆయన నన్ను మీ రాష్ట్రం పాట ఏదని అడిగారు. 'మా తెలుగు తల్లికి' పాడి వినిపించాను. శంకరంబాడి సుందరాచారి రాసిన ఆ పాటలో కూడా నదులున్నాయి, శిల్పాలున్నాయి, త్యాగయ్య, తిక్కయ్య, రుద్రమ్మ, కృష్ణరాయలు ఉన్నారు. ఆయన ఒక్కొక్క పేరుకూ ఆపి ఎవరు, ఎక్కడ అని అడిగి, కాగితం మీద మన పటం గీయించారు. తరవాత మీ ఊరి నది ఏదన్నారు. పెన్న అన్నాను. అది పాటలో ఎక్కడుందని అడిగారు. లేదన్నాను. గోదావరి, కృష్ణ మాత్రమే ఉన్నాయని చెప్పాను. ఆయన పెన్సిలు తీసుకుని, నేను గీసిన పటం మీద పెన్న పక్కన ఒక వృత్తం గీసి, అందులో సంఖ్య వేయకుండా ఖాళీగా వదిలిపెట్టారు.

2014లో మన రాష్ట్రం రెండయినప్పుడు ఆ ఖాళీ వృత్తం నాకు చాలాసార్లు గుర్తుకొచ్చింది. తెలంగాణ వారికి 2024లో అందెశ్రీ పాట రాష్ట్ర గీతమైంది. తమ పేర్లు పిలిచే పాట కోసం ఒక సీమ ఎంతకాలం ఎదురుచూడగలదో, ఆ ఎదురుచూపు ఎంత న్యాయమైనదో, నాకు సువా ఒడ్డునే తెలిసింది.

*

ఆరో చరణం రైలు పాట. తూర్పు సరిహద్దులో ఉన్న ఉసుయి కనుమలో తొలిచిన ఇరవై ఆరు సొరంగాలూ, వాటి గుండా కలలోలా దాటిపోయే రైలూ అందులో ఉన్నాయి. 1893లో పట్టాల మధ్య పరిచిన పళ్ల పట్టీని ఇంజను పళ్ల చక్రం పట్టుకుని ఎక్కే పద్ధతిలో ఆ దారి వేశారు. 1963లో పక్కన కొత్త దారి వేసి పాత సొరంగాలను వదిలేశారు. ఆ కొత్త దారి కూడా వెయ్యి మీటర్లకు 66.7 మీటర్ల ఎత్తు ఎక్కవలసినంత నిటారుగా ఉండేది. 1997లో నాగానోకు బుల్లెట్ రైలు వచ్చి, ఆ దారీ మూతబడింది.

మూసేముందు వేసవిలో హాంచో గారు పనికట్టుకుని నన్ను ఆ రైలెక్కించారు. యోకోకావా స్టేషనులో రైలు వెనుక రెండు ఇంజన్లు తగిలించడానికి కొన్ని నిమిషాలు పట్టేది. ఆ కాసేపట్లో అందరూ దిగి, మట్టికుండలో పెట్టి అమ్మే వేడి అన్నం కొనుక్కునేవారు. కోడిమాంసం, వెదురు మొలకలు, పిట్టగుడ్డు, పక్కన ఒక ఆప్రికాటు. రైలు కదలగానే, అమ్మినవారందరూ ప్లాట్‌ఫారం మీద వరుసగా నిలబడి, చివరి పెట్టె దాటేదాకా తలవంచి నమస్కరించారు. మరుసటి ఫిబ్రవరిలో నాగానో శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో జపాన్ జట్టు మైదానంలోకి అడుగుపెట్టింది 'షినానో నో కుని' బాణీకే. మా కర్మాగారంలో టీవీ ముందు నిలబడినవారందరూ యంత్రాల చప్పుడు మీదుగా పాడారు.

నేను స్వదేశం వచ్చేశాక చాలా ఏళ్లకు మళ్లీ వెళ్లినప్పుడు, హాంచో గారూ ఆయన శ్రీమతీ నన్ను ఉసుయి తీసుకువెళ్లారు. వదిలేసిన పాత దారి ఇప్పుడు నడకబాట. ఎర్ర ఇటుకల కమానులతో లోయ మీద నిలిచిన పాత వంతెన దగ్గర కారు ఆపి, పైన ఉన్న పొడవాటి సొరంగంలోకి నడిచాం. ఇటుకల మీద పొగమసి ఇంకా నల్లగా ఉంది. ఎనభైకి దగ్గరపడిన హాంచో గారు గోడకు చేయి ఆనించి ఆరో చరణం పాడారు. సొరంగం ఒక్కొక్క పాదాన్నీ కాసేపు పట్టుకుని తిరిగి ఇచ్చింది.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక, పాటలో ఎవరెవరు లేరన్న వాదం మొదలైంది. నాగానోలో ఇద్దరు కలిస్తే ఎప్పటికైనా వచ్చే వాదమే అది. అయిదో చరణంలో వీరుడు కిసో యోషినాకా నుంచి పండితుడు సకుమా వరకూ నలుగురున్నారు. హైకూ కవి కొబయాషి ఇస్సా లేడు. షినానోలో పుట్టి, కప్పల మీద, ఈగల మీద కూడా జాలి చూపిన కవిని మాస్టారు ఎలా వదిలేశారని హాంచో గారి మనస్తాపం. ఏడో చరణం ఎవరైనా రాస్తే మొదటి పేరు ఇస్సాదే కావాలని ఆయన గట్టిగా అన్నారు.

ఆయన శ్రీమతి ఫ్లాస్కులోంచి టీ వంచుతూ అంతా విన్నారు. "మీరు ఇస్సాను పెట్టుకోండి. పాటలో పట్టు ఉంది గాని దారం తీసినవాళ్లు లేరు. నేను రాస్తే అత్తయ్య పేరు పెడతాను, ఆమెతో పాటు కనుమ దాటి వచ్చిన పిల్లల పేర్లు కూడా పెడతాను. నాకు వాళ్లలో తొమ్మిదిమంది పేర్లు తెలుసు" అన్నారు. తరవాత ఆ తొమ్మిది పేర్లనూ, మూడో చరణం బాణీలో, ఒక్కొక్కటిగా పలికారు.